ఎకోగ్రామ్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎక్కే పట్టీ, దిగే పట్టీ

పోయిన పాఠంలో ముడి సంకేతాన్ని డెసిబెల్స్‌లోకి మార్చాం, దూరాన్ని బట్టి తగ్గే బలాన్ని సరిచేశాం. ఇప్పుడు బొమ్మ చదువుదాం. నీటిలోకి పంపిన ధ్వనికి తిరిగొచ్చే ప్రతిధ్వనుల పటమే ఈ ఎకోగ్రామ్. చోటు ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయ, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి దీని ఒడ్డునే ఉంది. 2014లో మనవాళ్లు ఇండార్క్ అనే సముద్ర పరిశీలన పరికరాలను దించింది కూడా ఈ నీళ్లలోకే.

ఏడీసీపీ (ధ్వనిని పంపి, ప్రతిధ్వనితో నీటి వేగాన్ని కొలిచే పరికరం) 100 మీటర్ల లోతులో పైకి చూస్తూ ఉందనుకోండి. బొమ్మలో అడ్డంగా సమయం, నిలువుగా లోతు. రంగు ముదిరితే ప్రతిధ్వని ఎక్కువని అర్థం. ముందుగా పైన ఉన్న 6 మీటర్లను చేత్తో మూసేయండి. 20 డిగ్రీలు వాలిన ధ్వని కిరణాలున్న పరికరంలో ఆ పొరను నీటి ఉపరితలపు ప్రతిధ్వనే కప్పేస్తుంది. అక్కడి ముదురు రంగు చూసి జంతుప్లవకాలని (నీటిలో తేలుతూ బతికే చిన్న జీవులని) మురిసిపోవద్దు.

సెప్టెంబరు చివరి వారంతో మొదలుపెట్టండి, అది సులువు. చీకటి పడుతుంటే ముదురు రంగు పట్టీ, అంటే జంతుప్లవకాల గుంపు, పైకెక్కుతుంది, తెల్లవారుతుంటే దిగుతుంది. తిండి పైన ఉంది, కానీ వెలుగులో చేపల కంట పడితే ప్రాణం పోతుంది. పట్టీ బాగా దిగి ఉండే వ్యవధికి నడిమి గంట ఎంతో చూడండి. ఈ చోటు 12 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది కాబట్టి, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) అది దాదాపు 11 కావాలి. 13 వస్తే టెన్షన్ పడకండి, మీ ఫైలు నార్వే వేసవి సమయంలో ఉందన్నమాట.

జూన్‌లో సూర్యుడు అస్తమించడు, పట్టీ అలికినట్టుంటుంది. "వలస ఆగిపోయింది" అని రాసేయడం తొందరపాటు. రైల్వే స్టేషన్ మెట్ల మీద ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు సమానంగా ఉంటే ఎప్పుడు చూసినా జనం అంతే కనిపిస్తారు. ఇక్కడా ఏ జీవి వీలును బట్టి అది తిరుగుతూ ఉండొచ్చు. ప్రతిధ్వని బలం ఒక్కటే చూస్తే ఇది తేలదు, నిలువు వేగాలు కావాలి.

నాకు నచ్చేది మాత్రం జనవరి. పగలే లేని నెలలో కూడా పట్టీ సన్నగా కదులుతుంది. పున్నమి రోజుల్లో చంద్రుడు అస్తమించకుండా తిరుగుతుంటే, జీవులు 50 మీటర్ల దాకా దిగిపోతాయని 2016లో వెలువడిన పరిశోధన చూపించింది. వేటాడే చేపకు వెన్నెల కూడా చాలు మరి.

ఒక జాగ్రత్త. 300 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 5 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్న కోపెపాడ్‌లు (అతి చిన్న జంతుప్లవకాలు) వందల్లో ఉన్నా, నాలుగు క్రిల్‌ల (రొయ్యల్లాంటి పెద్ద జీవుల) ముందు వెలవెలబోతాయి. కాబట్టి ముదురు రంగును జీవుల సంఖ్యగా చదవకండి.

అభ్యాసం: జనవరి డేటాను 24 గంటల ముక్కలుగా కోసి ఒకదాని కింద ఒకటి పేర్చండి. తర్వాత 24 గంటల 50 నిమిషాల (చంద్రుడి లెక్కన ఒక రోజు) ముక్కలుగా కోయండి. పున్నమి వారానికి ముందూ వెనకా పట్టీ ఏ పేర్పులో నిటారుగా నిలుస్తుందో రాసి ఉంచుకోండి, 5వ పాఠంలో నిలువు వేగాలతో సరిచూద్దాం.