బావి ఈతగాళ్లకు స్కూబా: కోర్సులో పెద్దగా చెప్పని సంగతులు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలామందికి ఈత వచ్చేది వ్యవసాయ బావుల్లోనే. నడుముకు బెండ్లో, సొరకాయ బుర్రో కట్టుకుని మొదలుపెట్టినవాళ్లు వేసవి సెలవులు అయ్యేలోపు ఒడ్డు మీద నుంచి తలకిందులుగా దూకుతారు. అలాంటివాళ్లు అండమాన్‌కో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికో సిలిండర్ గాలి పీలుస్తూ చేసే స్కూబా డైవింగ్‌కు వెళ్తే నీళ్లంటే బెదురుండదు. అది మంచిదే. కానీ ఊపిరి బిగబట్టడం, చేతులు ఆడించడం, తల ముందు పెట్టి దిగడం అనే బావి అలవాట్లు మూడూ సముద్రంలో ఎదురు తిరుగుతాయి. కోర్సులో నియమాలు చెప్తారు గానీ, ఒంటికి పట్టిన అలవాటును ఎలా వదిలించుకోవాలో చెప్పే తీరిక మూడు నాలుగు రోజుల్లో ఎవరికీ దొరకదు.

ముందు ఊపిరి సంగతి. బావిలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలి లోతుకు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది, పైకొచ్చేసరికి మళ్లీ మొదటి కొలతకే వస్తుంది. అందుకే బిగబట్టినా ఏమీ కాదు. సిలిండర్ గాలి అలా కాదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. దాన్ని బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులు చిరగొచ్చు, దానికి మీటరున్నర లోతు కూడా చాలు. చాలామంది బిగబట్టేది భయంతో కాదు, పరధ్యానంతో: ఫొటోకు నిలబడినప్పుడు, మాస్క్ సర్దుకునేటప్పుడు, మిగిలిన గాలి చూపించే గేజ్ చదివేటప్పుడు. ఈ మూడు పనులు చేసేటప్పుడు మీ బుడగల చప్పుడు మీకు వినిపిస్తోందా లేదా అని గమనించండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదలడం సరిగా ఉంటే పీల్చడం దానంతటదే సర్దుకుంటుంది.

గాలి ఎంతసేపు వస్తుందో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. మామూలుగా అద్దెకిచ్చే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది. 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) నింపితే సుమారు 2200 లీటర్ల గాలి. 50 బార్ మిగుల్చుకుని బయటికి రావాలి కాబట్టి వాడుకునేది 1650. కొత్తవాళ్లు పైన నిమిషానికి 25 లీటర్లు పీలుస్తారనుకుంటే, పది మీటర్ల దగ్గర అది 50 అవుతుంది, 33 నిమిషాలు వస్తుంది. మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు వాళ్ల హద్దు అయిన 18 మీటర్ల దగ్గర నిమిషానికి 70, అంటే 23 నిమిషాలే. పక్కవాళ్లకంటే ముందు మీ గాలి అయిపోతుంటే ఊపిరితిత్తులను అనుమానించకండి, చేతులను చూసుకోండి. చేతులతో నీళ్లు తోసినంతసేపూ ఆయాసం పెరుగుతుంది, కదలిక మాత్రం పెరగదు. రెండు చేతులూ పొట్ట దగ్గర ఒకదానితో ఒకటి పట్టుకుని, కదలికంతా తొడల నుంచి, నెమ్మదిగా రానివ్వండి.

<b>వెయిట్లు</b>

కొత్తవాళ్ల ఇబ్బందుల్లో సగానికి మూలం మునగడానికి కట్టుకునే ఈ బరువుల్లోనే ఉంది. మొదటి రోజు కంగారులో ఊపిరితిత్తులు నిండుగా ఉంటాయి, మనిషి మునగడు. తీసుకుపోయేవాళ్లు ఇంకో రెండు కిలోలు తగిలిస్తారు. ఆ పూటకు పని జరుగుతుంది గానీ, తర్వాత ప్రతి డైవ్‌కూ అదే బరువు కొనసాగుతుంది. అదనపు బరువును మోయడానికి బీసీడీలో, అంటే గాలి నింపితే తేల్చే జాకెట్‌లో, అదనంగా గాలి ఊదాలి. ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, మీటరు పైకి లేస్తే ఇంకా పైకి లాగుతుంది, మీటరు దిగితే ఇంకా కిందికి తోస్తుంది. బటన్ నొక్కుతూ కూర్చోవడంతోనే డైవ్ అయిపోతుంది.

సరైన బరువు తేల్చుకునేది డైవ్ చివర. సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు, 5 మీటర్ల దగ్గర, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, కాళ్లు ఆడించకుండా మామూలుగా ఊపిరి తీసుకోండి. మునగకుండా తేలకుండా నిలబడితే బరువు సరిపోయినట్టు. మునుగుతుంటే తర్వాతి డైవ్‌కు ఒక కిలో తీసేయండి, ఒకేసారి మూడు తీయొద్దు. ఇది మొదట్లో చూస్తే తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే నిండు సిలిండర్‌లోని గాలికే రెండున్నర కిలోలకు పైగా బరువుంటుంది. డైవ్ పూర్తయ్యేసరికి అందులో రెండు కిలోలు బుడగలై పోతాయి.

ఇంకో లెక్క: సముద్రపు నీరు మంచినీటికంటే రెండున్నర శాతం బరువు. మీరు, సామాను కలిపి 90 కిలోలుంటే ఈతకొలనులో సరిపోయిన వెయిట్లకు సముద్రంలో రెండు కిలోల పైచిలుకు కలపాలి. ఒంటికి తొడిగే రబ్బరు సూట్ మందం, సిలిండర్ రకం, ఉప్పునీరా మంచినీరా, ఎన్ని కిలోలు, చివర్లో ఎలా ఉంది అనేవి ప్రతిసారీ మీ డైవ్ పుస్తకంలో రాసుకోండి. చేపల పేర్లు తర్వాత రాసుకోవచ్చు.

బరువు సరిగానే ఉన్నా దిగలేకపోతే కాళ్లు చూసుకోండి. నిటారుగా ఉండి తెలియకుండానే ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) ఆడిస్తుంటే పైకే తోసుకుంటారు. కాళ్లు కట్టేసినట్టు నిలిపి, ఊపిరంతా వదిలి, ఓ క్షణం ఆగండి. మొదటి మీటరు దిగడమే కష్టం.

<b>చెవులు</b>

ఒత్తిడి రెండింతలయ్యేది మొదటి పది మీటర్లలోనే, కాబట్టి చెవులకు అసలు పరీక్ష అక్కడే. తల కిందికి పెట్టి దిగితే గాలి చెవిలోకి ఎక్కడం మరింత కష్టం. కాళ్లు కిందికి పెట్టి, వీలైతే తాడు పట్టుకుని దిగండి. నీళ్ల మీద ఉండగానే ఒకసారి ముక్కు పట్టుకుని మెల్లగా ఊదండి. ఆ తర్వాత అరమీటరుకోసారి, నొప్పి రాకముందే. నొప్పి వచ్చేదాకా ఆగితే గొంతు నుంచి చెవికి గాలి పోయే దారి మూసుకుపోతుంది, అప్పుడు గట్టిగా ఊదితే చెవికి దెబ్బ. మీటరు పైకి లేచి, ముక్కు మూసి గుటక వేసి, మళ్లీ దిగాలి. ఒక చెవి మొండికేస్తే తల పక్కకు వంచి, ఆ చెవి పైకి ఉండేట్టు ఊదండి. సర్ది ఉంటే దిగొద్దు. మాత్ర వేసుకుని దిగితే దాని పని లోపలే అయిపోవచ్చు, పైకొచ్చేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుంటుంది.

<b>మాస్క్, మీసం, నూనె</b>

కొత్త మాస్క్ అద్దం లోపల తయారీలో మిగిలిన సన్నని పొర ఉంటుంది. ఉమ్మి ఎంత రాసినా పొగమంచు పోదు. తెల్లటి టూత్‌పేస్ట్, జెల్ కాదు, వేలితో రుద్ది కడగండి. మూడు నాలుగుసార్లు పడుతుంది. మీసం ఉన్నవాళ్లకు నీళ్లు వచ్చేది ముక్కు కిందే, అక్కడ సన్నని గీతంత గొరిగితే చాలు. మొత్తం తీయమని ఎవరూ అనరు. వాజెలిన్ రాయకండి, సిలికాన్ పాడవుతుంది. తలకు నూనె పెట్టుకుంటే పట్టీ జారుతుంది, ఆ రోజుకు మానండి. జడ మెడ మీదికి, కిందుగా వేసుకోవాలి. పట్టీ బిగించినకొద్దీ నీళ్లు ఆగవు, అంచు వంకర తిరిగి ఇంకా కారతాయి.

బిగుతు సూట్ ఎక్కకపోతే పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి దూర్చండి, జర్రున జారుతుంది.

<b>బోటు మీద</b>

దూకే ముందు గేజ్ చూస్తూ రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) నుంచి నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి లేస్తుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు. ఊరికే 200 చూపించినంత మాత్రాన నమ్మొద్దు. పైన సరిపోయిన గాలి లోతుకు పోయాక సరిపోదు. నోట్లో నూనె వాసన తగిలితే ఆ సిలిండర్ పక్కన పెట్టించండి.

వాంతి భయం ఉన్నవాళ్లు ముందు రోజు రాత్రి బిర్యానీ, మందు మానేసి, పొద్దున రెండు ఇడ్లీలు తిని వెళ్లాలి. బోటు మధ్యలో, డీజిల్ పొగకు దూరంగా కూర్చుని దూరపు అంచును చూడండి. నీళ్లలోనే వాంతి వస్తే రెగ్యులేటర్ తీయొద్దు. నోట్లోనే గట్టిగా పట్టుకుని అందులోకే కక్కేసి, దాని మీదుండే, గాలిని జోరుగా వదిలే పర్జ్ బటన్ నొక్కితే అంతా బయటికి పోతుంది. తీసేస్తే వాంతి తర్వాతి మొదటి ఊపిరి నీళ్లే అవుతాయి.

ఊరికి తిరిగొచ్చాక పట్టు నిలుపుకోవాలంటే ఈతకొలను చూసుకోండి. గ్రానైట్ క్వారీ గుంతల్లోకి దిగకండి: అంచులు నిట్టనిలువు, ఎక్కే చోటుండదు, లోతు తెలియదు. సాగర్ జలాశయంలో కూడా అనుమతి, బోటు, తోడు లేకుండా వద్దు.

<b>తిరుగు ప్రయాణం</b>

ఎత్తుకు పోతే ఒత్తిడి తగ్గి ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. అందుకే ఒక్క డైవే చేస్తే విమానానికి ముందు కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు ఆగాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయ పురం) నుంచి పొద్దున హైదరాబాద్ విమానముంటే అంతకుముందు రోజంతా నీళ్లకు దూరం, సెల్యులార్ జైలు అప్పుడు చూసుకోవచ్చు. నేత్రాణి నుంచి కారులో వచ్చేవాళ్లు ఇది తమకు వర్తించదనుకుంటారు. సముద్ర మట్టం నుంచి గంటల్లోనే పడమటి కనుమలు ఎక్కాల్సి వస్తుంది. ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకుని పొద్దున బయల్దేరండి.

డైవ్ తర్వాత ఒక రోజులోపు కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, విపరీతమైన నీరసం కనిపిస్తే సామాను మోసిన నొప్పి అనుకుని బామ్ రాసుకుని, మాత్ర వేసుకుని పడుకోవద్దు. రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి ఉండొచ్చు. ఆక్సిజన్ పెట్టించి, డైవ్ చేసి వచ్చిన సంగతి ముందుగా డాక్టర్‌కు చెప్పాలి. లోతు, సమయం రాసి ఉన్న మీ పుస్తకం వెంట తీసుకెళ్లండి.