చేతికి కొలిచి చేసే కొడతి – 3వ పాఠం: పిడి

మా చిన్నాన్నకి కానుకగా కొడతి, అంటే ఉలిని కొట్టే చెక్క సుత్తి, చేస్తున్నాం కదా. పోయిన పాఠంతో దాని తల పూర్తయింది. చింత చేవ (మాను లోపలి గట్టి చెక్క), 6 అంగుళాల పొడవు, 4 ఎత్తు, 3 మందం. చింతే ఎందుకంటే బరువైనది, దెబ్బకి తొందరగా చీలదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను కూడా చింతమానే, తెలుసుగా! పిడి దూరే కన్నం పైన 2 అంగుళాల పొడవు, కింద పావుతక్కువ రెండు, వెడల్పు ఒకటింబావు పెట్టుకున్నాం. ఆ తేడా ఎందుకో ఈ రోజు తెలుస్తుంది.

నన్నడిగితే అసలు కానుక పిడిలోనే ఉంది. పేరు చెక్కించడం మెషిన్ మీద ఐదు నిమిషాల పని. చెయ్యి కొలిచి పిడి చెయ్యాలంటే ఆ మనిషి మనకి తెలిసుండాలి.

మా చిన్నాన్నకి చెప్పకుండా కొలత తియ్యాలి. ఆయన లేని పూట ఆయన బాడిశ (చెక్క చెక్కే పనిముట్టు) పిడికి దారం చుట్టి చూశాను. దాని మీద పాత లుంగీ గుడ్డ రెండు చుట్లు చుట్టి ఉంది. ముందు గుడ్డ విప్పి కొలవబోయి ఆగాను. వేళ్లు బిగుసుకుపోయి సన్న పిడి పట్టు దొరక్కే కదా ఆయన గుడ్డ చుట్టుకున్నది! గుడ్డతో సహా నాలుగున్నర అంగుళాలు వచ్చింది. మన పిడి పట్టుకునే చోట చుట్టుకొలత అదే.

13 అంగుళాల తుమ్మ కర్ర తీసుకోండి. పీచు ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా సాగాలి, ముడి ఉండకూడదు. బాగా ఎండినది కావాలి. నేను మొదటిసారి తొందరపడి పచ్చి కర్రతో చేసి ఇచ్చాను. ఎండాకాలానికి పిడి సన్నబడి తల ఊగడం మొదలెట్టింది. చిన్నాన్న చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "ఏట్రా ఇది, గిలక్కాయా?" అన్నారు.

కర్ర పైభాగం వెడల్పుగా, కిందకి వచ్చేకొద్దీ సన్నగా చిత్రిక పట్టండి. దీన్ని తల పైనుంచి కిందకి దించుతాం. కొట్టిన ప్రతిసారీ తల బయటకి జరగాలని చూస్తుంది, పిడి వెడల్పు దాన్ని ఆపి ఇంకా బిగిస్తుంది. మేకు, ఫెవికాల్ ఏవీ అక్కర్లేదు.

బిగింపు దగ్గర మాత్రం ఓపిక కావాలి. కన్నం లోపల బొగ్గు పొడి రాసి పిడి దించి, పైకి తియ్యండి. నల్లగా అంటిన చోటే ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రం ఉలితో పొరలా లేపి మళ్లీ దించండి. నాకు పదకొండుసార్లు పట్టింది. చివరికి పైన అర అంగుళం మిగలాలి, ముందు ముందు దిగడానికి.

పట్టుకునే చోట మూలలు తీసి ఎనిమిది పలకలు చేసి, ఆపైన కోడిగుడ్డు ఆకారంలోకి తెండి. పూర్తి గుండ్రమైతే తల ఎటు తిరిగిందో చూస్తేగాని తెలియదు. ఆఖర్న పగిలిన గాజు ముక్కతో గీకితే చాలు. శాండ్‌పేపర్‌తో అద్దంలా చేస్తే చెమట చేతిలో జారిపోతుంది.

వచ్చే పాఠంలో పేరు. మన అక్షరాలన్నీ వంపులే, తిన్నటి ఉలి పనికిరాదు. ఈలోగా గుండ్రటి ఉలి ఒకటి సంపాదించి ఉంచండి.