విదేశంలో పల్లెబడికి సేవ చేయడం: బయలుదేరే ముందు, అక్కడ ఉన్నప్పుడు

విదేశంలోని ఒక పల్లెబడికి వెళ్లి కొంతకాలం జీతం లేకుండా పనిచేయాలనుకునేవారు మొదట తమకు ఏ పని బాగా వచ్చో తేల్చుకోవాలి. ఏ దేశమన్నది ఆ తర్వాతి సంగతి. పిల్లలంటే ఇష్టం ఉండడం మంచిదే గాని, అది ఒక్కటే అర్హత కాజాలదు. లెక్కలు చెప్పడం, అక్షరాలు దిద్దించడం, పద్దులు రాయడం, కంప్యూటర్లు బాగుచేయడం, నీటి గొట్టాల పని, నర్సింగ్ వంటి వాటిలో మీ దేశంలో ఎవరైనా డబ్బిచ్చి మీచేత చేయించుకునే పని ఏదైనా ఉంటే, అది అక్కడా అక్కరకు వస్తుంది. బోధన ఎన్నడూ ఎరగని మనిషికి మన బడులేవీ తరగతి అప్పగించవు. పరదేశపు పేదబడి మాత్రం ఎందుకు అప్పగించాలి?

ఈ రంగంలో పాతుకుపోయిన సంస్థల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బ్రిటన్‌లో 1958లో మొదలైన వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) తొలినాళ్లలో అప్పుడే బడి చదువు ముగించిన కుర్రవాళ్లను పంపేది. తర్వాత ఆ పద్ధతి మానుకుని వృత్తి అనుభవం ఉన్నవారి వైపు మళ్లింది. 1961లో ఏర్పడిన అమెరికా పీస్ కోర్ తన దేశ పౌరులను మాత్రమే తీసుకుంటుంది, సేవాకాలం సుమారు 27 నెలలు, అందులో మొదటి 3 నెలలు భాషకూ శిక్షణకూ పోతాయి. ఏ దేశస్థులైనా దరఖాస్తు చేయదగినది 1970లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏర్పాటు చేసిన వాలంటీర్ల కార్యక్రమం. జర్మనీలోని బాన్ నగరం దాని కేంద్రం. విదేశాలకు పంపే వాలంటీర్లకు అది జీవన భత్యం ఇస్తుంది, ఇల్లు కదలలేనివారికి ఆన్‌లైన్‌లో సేవచేసే వీలు కూడా కల్పిస్తుంది. రెండు వారాల్లో గ్రామాన్ని మార్చివేయవచ్చని ఊరించే ప్రకటన కనిపించినప్పుడు, పీస్ కోర్ వాలంటీరుకు శిక్షణకే 3 నెలలు పడుతున్నాయన్న సంగతి గుర్తుచేసుకోవడం మంచిది.

రుసుము తీసుకుని పంపే ప్రైవేటు సంస్థలు అనేకం ఉన్నాయి. రుసుము తీసుకోవడం తప్పు కాదు, ఎందుకంటే మీ బసకూ తిండికీ ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. అయితే ఆ సొమ్ములో ఎంత గ్రామానికి చేరుతుందో, వాలంటీరు కావాలని బడి తానై అడిగిందో లేక సంస్థే అంటగట్టిందో, మీకు ముందు ఆ పని ఎవరు చేశారో, మీ తర్వాత ఎవరు చేస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వీలైతే ఆ బడి ప్రధానోపాధ్యాయుడితో నేరుగా ఒకసారి ఫోనులో మాట్లాడించమని కోరండి. పిల్లల మధ్య పనిచేయబోతున్న మిమ్మల్ని పోలీసు ధ్రువపత్రం అడగని సంస్థ మీకు ముందు వెళ్లినవారిని కూడా అడిగి ఉండదు. అలాంటి సంస్థను అక్కడితో వదిలేయవచ్చు.

అనాథాశ్రమంలో సేవ అన్న మాట వినబడితే మరింత జాగ్రత్త అవసరం. కంబోడియా, నేపాల్ వంటి దేశాల్లో ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నట్టు తేలింది. చదువు చెప్పిస్తామని నమ్మబలికి పేద కుటుంబాల నుంచి పిల్లలను తెచ్చి, వచ్చిపోయే విదేశీయుల విరాళాల కోసం నడిపే చోట్లు ఉన్నాయి. నెలకొకరు వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే ఆ పసివాళ్ల మనసులు ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు. ఇలాంటి సేవాపర్యటనల వల్ల పిల్లలకు జరిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019లో తీర్మానించింది. ఈ విషయంలో నాకు మధ్యేమార్గం కనిపించదు: పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లే బడినే ఎంచుకోండి.

వీసా దగ్గర చాలామంది పొరపడతారు. జీతం లేదు కాబట్టి పర్యాటక వీసా చాలునని అనుకుంటారు. నేపాల్ పర్యాటక వీసాపై వచ్చినవారు జీతం తీసుకున్నా తీసుకోకపోయినా పని చేయకూడదు. టాంజానియాలో వాలంటీర్లకు 'సి' తరగతి నివాస అనుమతి ఉండాలి. పరవాలేదని సంస్థ నచ్చచెప్పినా ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖ నిబంధనలను మీరే చదవండి, ఎందుకంటే పట్టుబడినప్పుడు జరిమానా కట్టేదీ దేశం విడిచి వెళ్లవలసి వచ్చేదీ మీరే. ఇక టీకాల విషయం. కొన్ని దేశాలు అడిగే యెల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం, ఆ టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుబాటవుతుంది, 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. మలేరియా మాత్రలను ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగి వచ్చాక కూడా వైద్యుడు చెప్పినన్నాళ్లు మింగాలి. వాటిలో కొన్నిటిని 4 వారాలపాటు కొనసాగించవలసి ఉంటుంది. ఆసుపత్రి దూరంగా ఉన్న పల్లెకు వెళ్లేవారు రేబిస్ టీకా ముందుగా వేయించుకునే సంగతి వైద్యుణ్ణి అడగాలి, అత్యవసరంగా నగరానికి తరలించే ఖర్చు భరించే బీమా కూడా తీసుకోవాలి.

ప్రయాణపు తేదీని మీ సెలవులను బట్టి కాక ఆ బడి పంచాంగాన్ని బట్టి నిర్ణయించండి. నేపాల్‌లో విద్యా సంవత్సరం వైశాఖంలో, అంటే ఏప్రిల్ నడుమ మొదలవుతుంది. టాంజానియాలో జనవరిలో మొదలై జూన్‌లో సెలవులు వస్తాయి. పరీక్షల వారంలో దిగిన వాలంటీరు అందరికీ అడ్డమే. బోధన ఏ భాషలో సాగుతుందో కూడా ముందే కనుక్కోవాలి. టాంజానియా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో స్వాహిలీలో చదువుకున్న పిల్లలు మాధ్యమిక స్థాయికి రాగానే ఇంగ్లీషులో పాఠాలు వినవలసి వస్తుంది. అలాంటి తరగతిలో పిల్లవాడు లెక్క చేయలేకపోతే, లెక్క రాకనా, ప్రశ్న అర్థం కాకనా అన్నది స్వాహిలీ కొంతైనా తెలిసినవారికే బోధపడుతుంది. పలకరింపులు, అంకెలు, 'మళ్లీ చెప్పు', 'నీకు ఎలా వచ్చింది?' వంటి వంద మాటలు బయలుదేరకముందే నేర్చుకోండి.

బడికి చేరాక మొదటి వారం వెనక బల్ల మీద కూర్చోవాలి. వినడానికి చిన్న మాటే గాని, ఉత్సాహంగా వచ్చినవారికి ఇది నిజంగా కష్టం. హాజరు పిలిచేటప్పుడు ఎవరి పేరుకు జవాబు రావడం లేదో, ఒకే పుస్తకాన్ని నలుగురు పంచుకుంటే పేజీ ఎవరి వైపు తిరిగి ఉంటోందో, నల్లబల్ల మీద రాసినదాన్ని అర్థం తెలియకుండానే అక్షరం పోకుండా ఎక్కించుకుంటున్నవారు ఎవరో ముందు నిలబడితే కనిపించదు. ఆ వారంలోనే మీరు ఎవరి సహాయకులో కూడా స్థిరపడుతుంది. ఆ బడి ఉపాధ్యాయురాలు రేపూ ఉంటుంది, వచ్చే ఏడూ ఉంటుంది; ఆమె పని సులువయ్యేలా మీరు చేసినది మాత్రమే నిలుస్తుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టి మీరు ఆటపాటలతో తరగతి రక్తి కట్టిస్తే, మీరు వెళ్లిన మర్నాడు పిల్లలకు ఆమె పాఠం చప్పగా అనిపిస్తుంది.

ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి ఒక పని చేయవచ్చు. ఒక్కొక్క బిడ్డను పక్కకు పిలిచి అక్షరం, మాట, చిన్న పేరా, చిన్న కథ వరుసగా చదివించి, ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఆ తర్వాత రోజుకు ఒక గంటసేపు, ఎవరు ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, ఆగిన చోటును బట్టి పిల్లలను గుంపులు చేసి నేర్పండి. ముంబయిలో 1990ల నడుమ మొదలైన ప్రథమ్ సంస్థ తీర్చిదిద్దిన పద్ధతి ఇది, జాంబియా ప్రభుత్వ బడులు కూడా దీన్ని చేపట్టాయి. దీనికి కావలసిన సామగ్రి అక్కడే దొరుకుతుంది. పది పుల్లలను కట్టగా కట్టి, ఆ కట్టనూ విడి పుల్లలనూ పక్కపక్కన పెడితే పదులూ ఒకట్లూ కంటికి కనిపిస్తాయి. కట్ట విప్పి చూపితే తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అర్థమవుతుంది.

కట్టడాలు, యంత్రాల సంగతికి వస్తే ప్లేపంప్ ఉదంతం తెలుసుకోదగినది. పిల్లలు ఆడుకుంటూ తిప్పే చక్రంతో భూగర్భజలాన్ని పైకి తోడే ఈ పంపులను ఆఫ్రికా పల్లెబడుల్లో 2010 నాటికి 4,000 పెట్టాలని 2006లో భారీ నిధులతో సంకల్పించారు. పిల్లలు లేని వేళల్లో ఆడవాళ్లు వంగి ఆ బరువైన చక్రాన్ని తిప్పవలసి వచ్చింది, చెడిపోతే ఊళ్లో బాగుచేయగలవారు లేరు. అనుకున్నంత నీరు రావాలంటే రోజుకు 27 గంటలు ఆడాలని ఒక బ్రిటిష్ పత్రిక లెక్కగట్టింది. మామూలు చేతిపంపునే ఇష్టపడిన ఊళ్లు ఉన్నాయి. కాబట్టి ఏ వస్తువు ఇవ్వదలచినా అది పాడైతే విడిభాగం ఎక్కడ దొరుకుతుందో, ఎవరు బిగిస్తారో, డబ్బు ఎవరిస్తారో గ్రామ కమిటీని అడిగి, జవాబు దొరికిన తర్వాతే ముందుకు వెళ్లండి. గోడ కట్టడం ఆ ఊరి తాపీమేస్త్రీకి జీతమిచ్చి చేయించదగిన పని.

కానుకలు పిల్లల చేతికి ఇవ్వకుండా బడికి ఇవ్వండి. తల్లిదండ్రులను అడగకుండా పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టకండి.

తిరుగు ప్రయాణపు తేదీని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. చివరి రెండు వారాలు పఠన గుంపులను ఉపాధ్యాయురాలే నడపాలి, మీరు మళ్లీ వెనక బల్ల మీదికి వెళ్లాలి. ఒక నోటుబుక్కులో ఆమెకు తెలిసిన భాషలో, ప్రతి బిడ్డ పేరు పక్కన మొదట ఎక్కడ ఆగాడో, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఏది ప్రయత్నిస్తే కుదరలేదో రాసి ఆమె చేతికివ్వండి. రాతలో అర్థం కానిచోట ఆమె ఎదుటే కొట్టివేసి తిరగరాయడానికి ఒక పూట అట్టిపెట్టుకోండి.