రెండు పంచాంగాల వీధిలో ఆకాశదీపం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి శివాలయానికి వచ్చే కార్తీకంలో ఆకాశదీపం వంతు తీసుకునే ఇంటివారి కోసం ఇది రాస్తున్నాను. పదకొండేళ్లు ఆ తాడు లాగాను. ఇక మోకాళ్లు ఒప్పుకోవడం లేదు.

అన్నిటికన్నా ముందు గుడి గోడకు రెండు పంచాంగాలు తగిలించండి, ఒకటి తెలుగుది, ఒకటి ఒడియాది. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వారి నెల పున్నమితో ముగుస్తుంది. ఆశ్వయుజ పున్నమిని వారు కుమార పూర్ణిమ అంటారు. అది దాటిన మర్నాడే ఒడియా ఇళ్లలో కార్తీకం వచ్చేస్తుంది. మనకు దీపావళి అమావాస్య దాటితేగాని రాదు. శుక్లపక్షం ఇద్దరికీ ఒకటే. కార్తీక పున్నమితో వారికి నెల నిండుతుంది, మనకు ఇంకో పక్షం మిగులుతుంది. కాబట్టి మన గుడి దీపం ముప్ఫై రోజులది కాదు, నలభై అయిదు రోజులది.

మొదటి ఏడాది ఈ లెక్క తెలియక దీపావళి మర్నాడు దీపం ఎత్తాను. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) అప్పటికే పదిహేను రోజులుగా ఖాళీ గడ కింద ప్రమిద వెలిగించి వెళ్తున్నారని తరువాత తెలిసింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మన గుడికి ధ్వజస్తంభం లేదు, వెదురు గడే ఆధారం. దాన్ని కుమార పూర్ణిమ నాడే పాతండి, అంతకు ముందు వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు, దసరాకు ముందే పాతిన గడ విరిగి ప్రహరీ మీద పడింది. గడ కొసన కప్పీ, దాని మీదుగా తాడు. దీపానికి పైన మూరెడు మేర తాడు బదులు ఇత్తడి గొలుసు ఉండాలి, లేకపోతే సెగకు తాడు తెగుతుంది.

దీపం చిల్లుల ఇత్తడి పాత్రలో పెడతాం. వత్తిని చిటికెన వేలంత లావున పేని, వెలిగించే గంట ముందే నువ్వుల నూనెలో నానబెట్టండి. ప్రమిదలో ముప్పావు వంతే పోయండి, పైకి లాగేటప్పుడు ఊగి ఒలుకుతుంది. రోజుకు వంద మిల్లీలీటర్ల లెక్కన నాలుగున్నర లీటర్లు. అయిదు సిద్ధం చేసుకోండి. ఇళ్లకు వెళ్లినప్పుడు డబ్బు అడగకండి, నూనె అడగండి. గిన్నెడు నూనె పోసినవారు సాయంత్రం తలెత్తి ఆ దీపాన్ని చూసుకుంటారు.

సోమవారాలు, నాగులచవితి పూజారిగారు చూసుకుంటారు. మీరు జాగ్రత్తపడవలసింది తులసికోట దగ్గర. మనం తెల్లవారగానే కళ్లాపి చల్లి ముగ్గు పెడతాం. ఒడియా ఆడవారు అంతకు ముందే వచ్చి మురుజ వేసి ఉంటారు. పసుపు, కాల్చిన కొబ్బరిచిప్పల నల్లపొడి, తెల్లరాతి పొడి, ఇలా రంగురంగుల పొళ్లతో గంటసేపు కూర్చుని వేసిన బొమ్మ అది. దాని మీద చెంబెడు నీళ్లు పడితే ఎంత నొప్పో ఆలోచించండి. ఏకాదశి నుంచి పున్నమి దాకా వారికి పంచుక, ఆ అయిదు రోజులూ రద్దీ ఎక్కువ. మన క్షీరాబ్ది ద్వాదశి కూడా వాటిలోనే వస్తుంది. అందుకే పొద్దున కోట వారిది, సాయంత్రం ఉసిరికొమ్మ పెట్టి దీపాలు వెలిగించడం మనది అని మేం మాట్లాడుకున్నాం. మీరూ అలాగే చేయండి.

పున్నమి తెల్లవారుజామున వారు మహేంద్రతనయ ఏటిలో అరటిదొప్ప పడవలు వదులుతారు. సాయంత్రం మనం మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగిస్తాం. మర్నాడు ఛాడఖాయి, నెలంతా మానేసిన చేపలు, మాంసం వారు మళ్లీ తినే రోజు. ఎవరైనా చేపల సంచితో గుడి ముందు నుంచి వెళ్తే మొహం చిట్లించకండి, వారి వ్రతం నిండింది. మనకు మిగిలిన ఆ పదిహేను రోజులకు కూడా మావుసీ ఇంటి నుంచి నూనె వస్తూనే ఉంటుంది. వద్దనకండి.

అమావాస్య మర్నాడు, పోలిపాడ్యమి నాడు, ఏటిలో దీపాలు వదిలి వచ్చాక గడ దించండి. పాత్రకు పట్టిన మసి చింతపండుతో తోమి, గొలుసు గుడ్డలో చుట్టి, కప్పీకి కొబ్బరినూనె రాసి గుడి అటక మీద పెట్టండి. తాడు మాత్రం దాచకండి, ఏటా కొత్తది కొనాలి.