గూట్లోకి రాని పడుచు కోళ్లు

పాకాల దగ్గర మా ఇంట్లో మూడు నెలల నాటుకోడి పిల్లలు 8. పొద్దు గూకితే చాలు, గూడు వదిలేసి చింతచెట్టెక్కేవి. నేను నిచ్చెనేసి ఒక్కోదాన్నీ దించడం, మా అమ్మ కింద టార్చి పట్టుకుని నన్నే తిట్టడం. ఒక రాత్రి అడవిపిల్లి ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

తప్పు కోళ్లది కాదు, గూటిది. లోపల కూర్చోను కొయ్య లేదు, పైగా కటిక చీకటి. చీకట్లో కోడికి చూపు ఆనదు, ఇంక ఎట్లా దూరుతుంది? మణికట్టు మందం సరుగుడు కొయ్య మోకాలెత్తున అడ్డంగా కట్టినా. 5 రోజులు బయటికి వదల్లేదు, మేతా నీళ్లూ లోపలే. ఆరోనాడు వదిలి, సాయంత్రం గూట్లో చిన్న బల్బు వేసి గుప్పెడు రాగులు చల్లినా. ఆరూ వాటంతటవే దూరినాయి. ఒక్క పుంజుపిల్ల మాత్రం మళ్లీ చెట్టే! దాన్ని ఇంకో 4 రాత్రులు చేత్తో తెచ్చి కొయ్యమీద పెట్టాల్సొచ్చింది. ఇప్పుడు అన్నీ సర్దుకున్నాక బల్బు ఆర్పేస్తున్నా.