మెడికల్ కోడింగ్ పాఠాలు – 7: కంటి మీద గీత, కంట్లో నలుసు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. రెండు కళ్లకీ అప్పటికప్పుడు వచ్చిన (అక్యూట్) కలక, కారణం ఏమిటో డాక్టర్ రాయలేదు. కోడ్ హెచ్10.33. చివరి 3 అంటే రెండు కళ్లూ అని. 1 కుడి, 2 ఎడమ, 3 రెండూ అనే వరస మీకు ఈపాటికి నోటికి వచ్చేసి ఉంటుంది. ఆ అలవాటే ఇవాళ మనల్ని బోల్తా కొట్టించబోతోంది.

కొత్తగా చేరినవాళ్లకు ఒక్క మాట. డాక్టర్ రాసిన నోట్‌ని బిల్లు కోసం కోడ్‌లుగా మార్చడం మన పని. మనం నేర్చుకుంటున్నది అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎం, అంటే జబ్బులకీ గాయాలకీ పెట్టిన కోడ్‌ల పట్టిక. ఏటా అక్టోబరు 1న కోడ్‌లు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది పుస్తకమే దగ్గర పెట్టుకోండి. కోడ్‌లోని అక్షరాలను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను.

ఇక ఇవాళ్టి కేసు. డాక్టర్ నోట్ ఇలా ఉంది: "పసిపాపను ఎత్తుకుంటుండగా పాప గోరు కుడి కంటికి తగిలింది. రెండు గంటలుగా నొప్పి, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం. కార్నియా మీద, మధ్యకి కాస్త కింద, 2 మిల్లీమీటర్ల మేర పైపొర లేచిపోయింది. ఫ్లోరెసిన్ పట్టింది. పైరెప్ప తిప్పి చూశాను, నలుసు లేదు. సైడెల్ నెగటివ్."

కోడ్ కంటే ముందు ఈ నోట్ అర్థం కావాలి. కార్నియా అంటే నల్లగుడ్డు మీద గాజు బిళ్లలా ఉండే పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పైపొర, అంటే ఎపిథీలియం, దాదాపు పదో వంతు మాత్రమే. అంత పల్చటి పొర చిన్న గోటికే లేచిపోతుంది. ఒంట్లో నరాల కొసలు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో ఇదొకటి కాబట్టి గీత చిన్నదే అయినా మనిషి విలవిల్లాడిపోతాడు. ఫ్లోరెసిన్ నారింజ రంగు అద్దకం. కాగితపు ముక్కతో కంటికి తాకించి నీలి కాంతిలో చూస్తే, పొర లేచిన చోట మాత్రమే అది పట్టి పచ్చగా మెరుస్తుంది. సైడెల్ పరీక్ష కూడా ఆ రంగుతోనే. లోపలి నీరు బయటికి కారుతుంటే పచ్చదనంలోంచి సన్నటి నల్లటి పాయ దిగుతుంది. నెగటివ్ అంటే గాయం కన్ను లోపలి దాకా పోలేదని ధైర్యం.

ఇప్పుడు కోడ్. ఎస్05.0 అనేది కంజంక్టివా (తెల్లగుడ్డునీ రెప్పల లోపలి వైపునీ కప్పే పల్చటి పొర) గాయం, కార్నియా గీరుకుపోవడం, అదీ నలుసు లేకుండా. దాని తర్వాత 1 కుడి కన్ను, 2 ఎడమ కన్ను, 0 ఏ కన్నో చెప్పనిది. ఇక్కడితో ఐదు స్థానాలయ్యాయి. గాయాల కోడ్‌కి ఏడో స్థానం తప్పనిసరి కాబట్టి ఖాళీగా ఉన్న ఆరో స్థానంలో ఎక్స్ కూర్చుంటుంది. సినిమా హాల్లో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు, అంతే దాని పని. ఏడోది 'ఏ' అనే అక్షరం, దాని సంగతి కింద చెబుతాను. మొత్తం ఎస్05.01ఎక్స్ఏ.

రెండు కళ్లూ గీరుకుపోతే? చెయ్యి 3 మీదకి పోతుంది. కానీ ఇక్కడ 3 లేదు. ఎస్05.01ఎక్స్ఏ, ఎస్05.02ఎక్స్ఏ అని రెండు కోడ్‌లూ రాయాల్సిందే. కోడ్‌ని నమ్మకం మీద ఊహించకూడదు, పట్టికలో చూసే రాయాలి అని నేను సతాయించేది ఇందుకే.

ఏడో అక్షరం విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఏ అంటే మొదటిసారి రావడం, డి అంటే రెండోసారి రావడం అనుకుంటారు. కాదు. గాయానికి చికిత్స నడుస్తున్నంత కాలం ఏ. పేషెంటు మూడోసారి వచ్చినా, డాక్టర్ మారినా ఏ-నే. చికిత్స ముగిసి, మానుతోందా లేదా అని చూడడానికి వస్తే డి. ఎస్ అంటే ఆ గాయం మిగిల్చిన అవస్థ. గీత మానినా కుడి కార్నియా మధ్యలో మచ్చ నిలిచిపోయిందనుకోండి, ముందు మచ్చ కోడ్ హెచ్17.11, దాని వెనక ఎస్05.01ఎక్స్ఎస్.

గోటి సంగతి కూడా చెప్పాలి కదా. ఇంకొకరి గోరు పొరపాటున గీరుకుంటే డబ్ల్యూ50.4ఎక్స్ఎక్స్ఏ. పిల్లి గీరితే డబ్ల్యూ55.03ఎక్స్ఏ. ముల్లు, పదునైన ఆకు తగిలితే డబ్ల్యూ60.ఎక్స్ఎక్స్ఎక్స్ఏ, మూడు కర్చీఫులు! ఈ కారణపు కోడ్‌లు ఎప్పుడూ ముందు వరసలో రావు, గాయం వెనకే నిలబడతాయి.

ఇక ఈ పాఠానికి గుండెకాయ లాంటి విషయం: నలుసు. ఎస్05.0 పేరులోనే "నలుసు లేకుండా" అని ఉంది. నలుసు కార్నియాలో ఉంటే టీ15.0, రెప్ప కింద గానీ కంజంక్టివా సంచిలో గానీ ఉంటే టీ15.1. ఈ రెండూ ఎస్05.0 కింద ఎక్స్‌క్లూడ్స్1 జాబితాలో ఉన్నాయి. అదే గాయానికి రెండూ కలిపి రాయకూడదన్న మాట.

నా మొదటి ఏడాదిలో ఇక్కడే దొరికిపోయాను. నోట్ మొదటి లైన్లో "కార్నియల్ ఎబ్రేజన్" (కార్నియా గీరుకుపోవడం) అని చూడగానే ఎస్05.01ఎక్స్ఏ కొట్టేశాను. నాలుగో లైన్లో "ఇనుప రవ్వ తీశాను, తుప్పు వలయాన్ని బర్‌తో గీకాను" అని ఉంది. బర్ అంటే గిర్రున తిరిగే సన్నటి పనిముట్టు. ప్రొసీజర్ (డాక్టర్ చేసిన పని) వైపు నలుసు తీసిన కోడ్, డయాగ్నసిస్ (జబ్బు) వైపు నలుసు లేదనే కోడ్. క్లెయిమ్, అంటే బీమా కంపెనీకి పంపిన బిల్లు, తిరిగొచ్చింది. ఆడిటర్ ఏమీ అనలేదు, నాలుగో లైన్‌కి పసుపు రంగు పూసి పంపాడంతే. అప్పటినుంచి నోట్ చివరిదాకా చదవకుండా కోడ్ పెట్టలేదు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంటుంది. "కంట్లో దుమ్ము పడింది" అని పేషెంటు అంటాడు. ఇంట్లోనే నీళ్లతో కడుక్కుని వస్తాడు. డాక్టర్ చూసేసరికి గీత ఉంది, దుమ్ము లేదు. అప్పుడు ఎస్05.0 వైపే. పేషెంటు చెప్పింది కథ, డాక్టర్ చూసింది కోడ్. నోట్‌లో కార్నియా మీద నిలువు గీతలు అని కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి. పైరెప్ప కింద ఏదో ఇరుక్కుని, రెప్ప వేసినప్పుడల్లా గీరుతుంటే అలా పడతాయి. రెప్ప తిప్పి చూసిన లైన్ కోసం వెతకండి.

ప్రొసీజర్ కోడ్‌లు వేరే పట్టికలోవి, సీపీటీ అంటారు. ఇవాళ్టికి నాలుగే, కష్టం లేదు. కంజంక్టివా పైపైన ఉన్న నలుసు తీస్తే 65205, గుచ్చుకుని ఉన్నది తీస్తే 65210. కార్నియాలోది స్లిట్ ల్యాంప్ (కన్నును పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శిని లాంటి పరికరం) లేకుండా తీస్తే 65220, స్లిట్ ల్యాంప్‌తో తీస్తే 65222. పక్కన కుడికి ఆర్‌టీ, ఎడమకి ఎల్‌టీ. ఒకే కంట్లోంచి మూడు రవ్వలు తీసినా కోడ్ ఒక్కసారే. అదే రోజు విజిట్ కూడా బిల్ చేయాలంటే, అది విడిగా చేసిన ముఖ్యమైన పని అని నోట్ నిరూపించాలి, అప్పుడే విజిట్ కోడ్ పక్కన 25 మాడిఫయర్, అంటే ఆ సంగతి చెప్పే అదనపు గుర్తు. గీత ఒక్కటే ఉండి నలుసు లేకపోతే విజిట్ కోడ్‌తో సరి. ఫ్లోరెసిన్ అనే మాట చూసి 92235 పెట్టేసేవాళ్లున్నారు. అది చేతి నరంలోకి రంగు ఎక్కించి రెటీనా ఫొటోలు తీసే పరీక్ష. కాగితపు ముక్కతో రంగు వేయడం విజిట్‌లో భాగమే, దానికి విడిగా డబ్బు రాదు.

కాంటాక్ట్ లెన్స్ వాళ్ల దగ్గర డాక్టర్ మాట జాగ్రత్తగా చదవాలి. లెన్స్ వాడకం వల్లే కార్నియా దెబ్బతిందని రాస్తే హెచ్18.82 వరస. లెన్స్ తీస్తుంటే గోరు గీరుకుంటే అది గాయమే, ఎస్05.0. తేలకపోతే డాక్టర్‌కి క్వెరీ (వివరం అడిగే చీటీ) పంపండి, మీరు తీర్పు చెప్పకండి.

చికిత్స గురించి కోడర్‌కి ఎందుకు అంటారా? మందుల చీటీ తెలిస్తే నోట్ సగం అర్థమవుతుంది. మామూలు గీత ఒకటి నుంచి మూడు రోజుల్లో మానుతుంది. సూక్ష్మజీవులు చేరకుండా యాంటీబయాటిక్ చుక్కలో ఆయింట్‌మెంటో ఇస్తారు. లెన్స్ వాడేవాళ్లకి సూడోమోనాస్ అనే బాక్టీరియా భయం ఉంటుంది కాబట్టి మందు దానికి తగ్గట్టు మారుతుంది. మానేదాకా లెన్స్ బంద్. కంటికి కట్టు కట్టడం పాత పద్ధతి. చిన్న గీతలు దానివల్ల త్వరగా మానవని అధ్యయనాల్లో తేలింది. తిమ్మిరి చుక్కలు పరీక్ష కోసం వేస్తారే గానీ, ఇంటికిచ్చి ఇష్టమొచ్చినట్టు వేసుకోమనరు. అతిగా వాడితే కార్నియా మానదు. ఇంట్లో మిగిలిపోయిన స్టిరాయిడ్ చుక్కలైతే ముట్టుకోనే కూడదు.

మీ కంట్లోనే ఏదైనా పడితే నలపకండి, శుభ్రమైన నీళ్లతో కడగండి. గుచ్చుకున్నదాన్ని మీరు లాగకండి. సుత్తి కొడుతుంటే ఇనుప ముక్క ఎగిరి తగిలినా, చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించినా ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికి పోవాలి. మొదటిది కన్ను లోపలికి దూసుకుపోయిన గాయం కావచ్చు, తేలితే కోడ్ ఎస్05.5. తెల్ల మచ్చ పుండు కావచ్చు, అది హెచ్16.0. ఒక్కోసారి గీత మానిన కొన్ని వారాలకు, పొద్దున కళ్లు తెరవగానే మళ్లీ చురుక్కుమంటుంది. పైపొర సరిగ్గా అతుక్కోక రెప్పతో పాటు లేచొస్తుంది. అది పదేపదే వచ్చే ఎరోజన్ అని డాక్టర్ రాస్తే హెచ్18.83, కొత్త గాయం కింద వేయకండి. ఈ వరసలో రెండు కళ్లకీ 3 ఉంది!

ఇంటిపని రెండు నోట్‌లు. ఒకటి: "ఎడమ కంటికి వారం క్రితం మొక్క ముల్లు తగిలింది. మందులు మొన్నటితో అయిపోయాయి. ఇవాళ రంగు పట్టలేదు, బాగా మానింది." రెండు: "ఎడమ కన్ను. గోడకి సాండ్‌పేపర్ పడుతుంటే ఏదో పడింది. కార్నియా మీద నిలువు గీతలు. రెప్ప తిప్పితే చిన్న రవ్వ, దూది పుల్లతో తుడిచి తీశాను." రెండో దానిలో గీత, రవ్వ రెండూ ఉన్నాయి, ఎక్స్‌క్లూడ్స్1 మర్చిపోకండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో, ఆ తర్వాత కంటి కాలిన గాయాలు, టీ26.