సాయంత్రపు ఎండలో ఏఐ ఫొటో: ముఖం అతికించినట్టు ఎందుకొస్తోంది?

కళింగపట్నం బీచ్, సాయంత్రం వేళ, పొందూరు ఖద్దరు చీర, గాలికి ఎగిరే కొంగు. ప్రాంప్ట్‌లో, అంటే ఏఐకి రాసిచ్చే వివరణలో, అన్నీ రాశారు. బొమ్మ వచ్చింది కానీ స్టూడియోలో తీసిన మనిషి వెనక పోస్టర్ తగిలించినట్టుంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ సమస్యే. వెంటనే అందరూ ‘అల్ట్రా రియలిస్టిక్’, ‘ఎయిట్ కే’, ‘మాస్టర్‌పీస్’ అని ఇంకో నాలుగు మాటలు చేరుస్తారు. వాటివల్ల బాగుపడిన బొమ్మ నాకైతే కనబడలేదు.

ప్రాంప్ట్ ముట్టుకునే ముందు ఒక్క తనిఖీ చేయండి. బొమ్మలో నేల మీద నీడ ఎటు పడింది? ముక్కు నీడ ఎటు పడింది? రెండూ సూర్యుడికి ఎదురు దిక్కునే పోవాలి. ఈ చూపు చూడకుండా బొమ్మను మళ్లీ వేయించే రీజనరేట్ బటన్‌నే గంటలు గంటలు కొడుతుంటారు. దయచేసి ముందు నీడ చూడండి.

లక్షణం: మనిషికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ పొత్తు కుదరదు

కారణం నూటికి తొంభై సార్లు ప్రాంప్ట్‌లోనే ఉంటుంది. మీరు తెలియకుండా ఇద్దరు సూర్యుళ్లను రాశారు. ఇలాంటి వాక్యం చూడండి: ‘వెనక అస్తమిస్తున్న సూర్యుడు, జుట్టు అంచులు మెరుస్తున్నాయి, ముఖం మీద బంగారు వెలుగు.’ చదవడానికి బాగుంది. కానీ సూర్యుడు వీపు వెనక ఉంటే ముఖం నీడలో ఉంటుంది కదా! ఆ ముఖానికి అందేది ఎదుటి ఆకాశం నుంచి వచ్చే చల్లని మెత్తని వెలుగు, కింద ఇసుక మీద పడి తిరిగొచ్చే కొద్దిపాటి వెచ్చదనం. అంతే. మీరు బంగారు వెలుగు కూడా అడిగారు కాబట్టి, ఏఐ రెండు మాటలూ నిలబెట్టడానికి కెమెరా పక్కన కనబడని లైటు పెట్టేస్తుంది. ఆ లైటే మీకు ‘స్టూడియో’లా కనబడుతున్నది.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. మనది తూర్పు తీరం. కళింగపట్నంలో గానీ బారువలో గానీ చింతపల్లిలో గానీ సాయంత్రం సూర్యుడు సముద్రంలోకి దిగడు, ఊరి వైపు దిగుతాడు. సాయంత్రం సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది, వెనక నీళ్లు నీలిబూడిద రంగులో ఉంటాయి, నీడ సముద్రం వైపు సాగుతుంది. బీచ్ అనగానే ఏఐ మాత్రం నీళ్ల మీద సూర్యుణ్ని పెట్టేస్తుంది. ఇక్కడి వాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది, అదేమిటో చెప్పలేరు. నీళ్ల మీద సూర్యుడే కావాలంటే వేళ మార్చి ఉదయం అని రాయండి. సాయంత్రమే కావాలంటే చోటు మార్చండి. తాటిపూడి రిజర్వాయర్ దగ్గర కొండల వెనక్కి దిగే సూర్యుడు సరిగ్గా సరిపోతాడు.

రెండో సూర్యుడు దొంగచాటుగా వచ్చే దారి ఇంకొకటుంది, సెల్ఫీ. మీ ముఖం రావాలని రిఫరెన్స్ ఫొటో ఇస్తారు. అది హాల్లో ట్యూబ్‌లైట్ కింద తీసింది అయితే, ముఖంతో పాటు ఆ వెలుగు కూడా బొమ్మలోకి దిగిపోతుంది. ప్రాంప్ట్ ఎన్నిసార్లు దిద్దినా ముఖం తెల్లగా, చప్పగానే ఉంటుంది. ఇలాంటప్పుడు ప్రాంప్ట్‌తో కుస్తీ పట్టకండి, సెల్ఫీ మార్చండి. ఎండ ఎదురుగా కావాలంటే సాయంత్రం డాబా మీద ఎండకు ఎదురుగా నిలబడి తీయండి. ఎండ వెనక నుంచి కావాలంటే గుమ్మం లోపల నీడలో, బయటికి ముఖం పెట్టి తీయండి. ఫ్లాష్, బ్యూటీ ఫిల్టర్ రెండూ ఆపేయండి.

పరిష్కారం: ముందు సూర్యుడి చోటు రాయండి, ఆ తర్వాతే చీర, నగ, భంగిమ. సాయంత్రం బీచ్‌కి నేను ఇలా రాస్తాను:

‘సాయంత్రం, సూర్యుడు కెమెరా వెనక, ఎడమవైపు, చాలా కిందగా ఉన్నాడు. ఎండ ఆమె ముఖం మీద పక్కవాటుగా పడుతోంది, ముక్కుకు అవతలి వైపు, ఎండ పడని చెంప కొంచెం నీడలో ఉంది. ఆమె నీడ పొడవుగా వెనక సముద్రం వైపు సాగింది. ఆకాశంలో సూర్యుడు కనబడడు.’

ఉదయానికైతే:

‘సూర్యోదయం అయిన కాసేపటికి, సూర్యుడు ఆమె వెనక సముద్రం మీద ఉన్నాడు. ముఖం నీడలో ఉంది, వెనకున్న దృశ్యం కంటే కొంచెం చీకటిగా, మెత్తని వెలుగులో. జుట్టు అంచులు, పలుచని ఖద్దరు కొంగు అంచు మాత్రమే వెలుగుతున్నాయి. నీడ కెమెరా వైపు వస్తోంది.’

ముఖం చీకటిగా అని రాయడానికి చాలామందికి మనసొప్పదు. రాయండి. బొమ్మను నిజం చేసేది ఆ చీకటే. జెమిని, చాట్‌జీపీటీ తెలుగులో రాసినా అర్థం చేసుకుంటాయి, కాబట్టి ఇంగ్లీషు మాటల కోసం తడుముకోనక్కర్లేదు.

లక్షణం: గోల్డెన్ అవర్ అని రాసినా మధ్యాహ్నంలా ఉంది

గోల్డెన్ అవర్ అంటే పొద్దు పొడిచిన కాసేపటికీ, పొద్దు గుంకే ముందూ సూర్యుడు కిందగా ఉండే వేళ. మీరు వేళ పేరు రాశారు గానీ సూర్యుడి ఎత్తు రాయలేదు. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల పైన ఉంటే నీడ మనిషి ఎత్తుకు అయిదు రెట్లు దాటుతుంది, 6 డిగ్రీలకు దిగితే తొమ్మిది రెట్లు దాటుతుంది. అరసవల్లిలో మార్చి, అక్టోబర్ నెలల్లో పొద్దుటి కిరణాలు గర్భగుడి దాకా వెళ్లి స్వామి పాదాలను తాకేది సూర్యుడు అంత కిందగా ఉన్నప్పుడే. వెలుగు అడ్డంగా వస్తుంది. అందుకే ప్రయాణం ఫొటోలో గడ్డిటోపీ పెట్టి ఎండకు ఎదురుగా నిలబెట్టినప్పుడు, టోపీ నీడ కళ్ల మీద పడిందంటే అది గోల్డెన్ అవర్ కాదు. ‘వెలుగు టోపీ అంచు కింద నుంచి కళ్ల దాకా పడుతోంది’ అని రాయండి.

లక్షణం: బొమ్మంతా నారింజ రంగు

‘బంగారు’ అన్న మాట మూడు నాలుగు చోట్ల ఉంటుంది, వెతకండి. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. నిజమైన సాయంత్రంలో ఎండ పడిన చోటే పసుపు, నీడలు నీలిఛాయలో ఉంటాయి. ‘నీడలు నీలంగా, తెల్లచీర నీడలో లేత నీలిఛాయతో’ అని చేర్చండి.

లక్షణం: చర్మం ప్లాస్టిక్‌లా ఉంది

‘మచ్చలేని’, ‘మెరిసే’, ‘పర్ఫెక్ట్’ లాంటి మాటలు తీసేయండి. మన తీరంలో ఉక్క ఎక్కువ. నుదుటి మీద సన్నని చెమట, మెడకు అంటుకున్న వెంట్రుకలు, చర్మరంధ్రాలు అని రాయండి. బొమ్మలు వేసే మిడ్‌జర్నీ వాడేవాళ్లు ‘రా’ (Raw) మోడ్ పెట్టుకోండి, అది సొంతంగా అద్దే మెరుగులు తగ్గుతాయి.

లక్షణం: చోటు మనది కాదు

ఊరి పేరు మీద ఆధారపడకండి. విజయనగరం కోట అంటే హంపి రాతిరథమో రాజస్థాన్ కోటో రావచ్చు, కళింగపట్నం అంటే మాల్దీవుల తెల్ల ఇసుక రావచ్చు. కంటికి కనబడేదే రాయండి: సరుగుడు తోట, తాటిచెట్లు, ఒడ్డుకు లాగిన పడవలు, ఆరేసిన వలలు. పొందూరు ఖద్దరు కూడా అంతే. ‘చేత్తో వడికిన సన్న నూలు, అక్కడక్కడా ఎగుడుదిగుడు పోగులు, ఇస్త్రీ లేని మడతలు’ అంటేనే బట్ట బట్టలా వస్తుంది. అమ్మకానికి పెట్టే చీరకు మాత్రం ఈ బొమ్మలు వాడకండి. అంచు, బుటా మారిపోతాయి, కొన్నవాళ్లు మోసపోతారు. అసలు చీర ఫొటో తీసి పెట్టండి.

బ్యాక్‌గ్రౌండ్ మొత్తం మసకైపోతే, ప్రాంప్ట్‌లో లెన్సు 85 ఎంఎం అని ఉంటే తీసి, ఎక్కువ దృశ్యం పట్టే 35 ఎంఎం లెన్సు అని రాయండి. ఆరో వేలు, బోర్డు మీద పిచ్చి అక్షరాలు ఈమధ్య అరుదు, వస్తే ఆ భాగం ఒక్కటే ఎడిట్ చేయించండి. యాప్ మధ్యలో ఆగిపోవడం, ఫొటో లోడ్ కాకపోవడం ప్రాంప్ట్ సమస్యలు కావు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి.